రెండో కాన్పు

"ఏం తింటున్నావమ్మా?" అని అడిగితే ఏ రోగీ నిజం చెప్పదని మా మేడమ్ అనేది. లేని కూర ఒకటి కలిపి చెబుతారు, తాగని పాలు తాగామంటారు. అందుకని మనిషిని మొదటినుంచీ అడుక్కుంటూ రావాలట. తల్లి కడుపులో ఉన్నప్పుడు ఆ తల్లి ఏం తిన్నది, ఎన్నాళ్లు పాలిచ్చింది, మొదటి ముద్ద ఏ ధాన్యానిది, బడి వయసులో మధ్యాహ్నం ఎక్కడ తిన్నది, పెద్దమనిషి అయినప్పుడు ఏం పెట్టారు, కాన్పుల్లో ఏం పథ్యం చేయించారు, ముట్లు ఆగిపోయాక ఒంట్లో ఎలా ఉంది. "రోగం ఇవాళ్టిది కావచ్చు, తిండి మాత్రం ఇవాళ్టిది కాదు" అనేది ఆమె.

ఎనభైల మధ్యలో సంగతి. గుంటూరు జిల్లాలో ఒక ఆస్పత్రిలో నేను నర్సింగ్ రెండో ఏడాది చదువుతున్నాను. మా నాన్న ప్రత్తిపాడు దగ్గర ఒక పల్లెలో మిషన్ బడి పంతులు. అమ్మ ఇంటిపని చూసుకుంటూ ఆదివారాలు పిల్లలకు పాటలు నేర్పేది. నాకు ఒక తమ్ముడు. మేం చుట్టుపక్కల పొలాల్లో కూలికి వెళ్లే ఇళ్ల మధ్యే ఉండేవాళ్లం కాని, పంతులుగారి ఇల్లని మా గుమ్మం దగ్గర అందరూ కాస్త గొంతు తగ్గించి మాట్లాడేవాళ్లు.

ఆ రోజు క్లాసులో మేడమ్ నన్ను రోగిగా స్టూలు మీద కూర్చోబెట్టింది. హాస్టల్లో నా పక్క మంచం స్నేహితురాలు ప్రశ్నలు అడగాలి. నాకు భయం లేదు. నా పుట్టుక సంగతి నాకు పాఠంలా వచ్చు. అమ్మ ఎన్నోసార్లు చెప్పింది. ఏడో నెలలో మామిడికాయ మీద మనసు పోతే అది కాయల కాలం కాదట, నాన్న సైకిలు మీద గుంటూరు పోయి ఊరగాయ ముక్కలు తెచ్చి కడిగి పెట్టాడట. నొప్పులొచ్చిన రోజు వాన కురిసి మంత్రసాని వాగు దాటి రాలేకపోతే, నలుగురు ఆమెను మంచం మీద మోసుకొచ్చారట. అదంతా నవ్వుతూ చెప్పాను. అమ్మాయిలు కూడా నవ్వారు.

"చిన్నప్పుడు తాగిన నీళ్లు?" అని మధ్యలో మేడమ్ అడిగింది.

"మా ఊరి చెరువు నీళ్లండీ."

"ఏదీ, పళ్లు చూపించు."

నా పై పళ్లు గార పట్టి ఉండేవి. అడ్డంగా గోధుమరంగు చారలు, ఒకటి రెండు చోట్ల చిన్న గుంటలు. బడిలో పిల్లలు "గారపళ్లదానా" అని పిలిస్తే ఏడ్చుకుంటూ ఇంటికొచ్చేదాన్ని. బొగ్గుపొడితో, ఇటుకపొడితో తోమి తోమి చిగుళ్లు చీరుకున్న రోజులున్నాయి. చిన్నప్పుడు జ్వరానికి ఏదో ఘాటు మందు వేస్తే ఇలా అయ్యాయని అమ్మ చెప్పింది. మేడమ్‌తో అదే అన్నాను.

ఆమె నా గడ్డం పట్టుకుని కిటికీ వైపు తిప్పి చూసింది. అంతకుముందు ఆమె కనిగిరి, దర్శి వైపు మెట్ట ఊళ్లల్లో చాలాకాలం పనిచేసింది.

"మందు మరక ఇలా ఉండదు. ఇది నీళ్ల గార. చిగుళ్ల లోపల పళ్లు తయారయ్యే వయసులో, అంటే మొదటి మూడు నాలుగేళ్లలో, తాగిన ఫ్లోరైడు నీళ్ల వల్ల వస్తుంది. ఆ వయసు దాటాక ఎన్నేళ్లు తాగినా ముందరి పళ్లకు ఇలా పట్టదు. మీ ఊళ్లో ఇంకెవరికైనా ఉందా?"

"లేదండీ."

"మీ తమ్ముడికి?"

"తెల్లగా ఉంటాయండీ."

"మరి నువ్వు ఎక్కడ పుట్టావు?"

"మా ఊళ్లోనే అండీ. ఇప్పుడేగా చెప్పాను, వాన, మంత్రసాని..."

వెనక బెంచీ నుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. మేడమ్ నవ్వలేదు. "ఇంటికి పోయినప్పుడు మీ అమ్మని మళ్లీ ఒకసారి అడుగు" అని వదిలేసింది. నాకు ఆవిడ మీద ఒళ్లు మండింది. నలుగురిలో మా అమ్మను అబద్ధాలకోరు అన్నట్టయింది. ఆ వారమంతా ఆవిడకు ఎదురుపడకుండా తిరిగాను.

శనివారం బస్సులో ఇంటికి వెళ్లాను. అమ్మ వసారాలో చేటలో బియ్యం చెరుగుతోంది. నాన్న మంచం మీద పేపరు చదువుతున్నాడు. మేడమ్ మీద ఫిర్యాదు చేద్దామనే మొదలుపెట్టాను.

"అమ్మా, నేను చిన్నప్పుడు కనిగిరి వైపు ఎక్కడైనా ఉన్నానా?"

చేట ఆగిపోయింది.

"ఎవత్తి చెప్పింది నీకు?"

ఎవరు చెప్పారు అని అడిగింది కాని, లేదు అనలేదు. గడప మీద కూర్చున్నాను.

"చెప్పెయ్యి ఇంక" అన్నాడు నాన్న పేపరు దించకుండా.

"నువ్వు ఊరుకో!" అని అమ్మ కసిరింది. నాతో, "నీకేం తక్కువ చేశానే? చెప్పు. ఏం తక్కువ చేశాను?" అంది.

"నేనెవర్ని?"

చేట పక్కన పెట్టి చెప్పింది. నేను చిన్నమ్మ కూతుర్ని. అమ్మకు పెళ్లయి ఏళ్లు గడిచినా పిల్లలు పుట్టలేదు. మెట్ట ఊరికి ఇచ్చిన చెల్లెలికి వరసగా ఇద్దరు ఆడపిల్లలు. నాలుగో ఏడు నడుస్తుండగా నన్ను తెచ్చుకుంది. ఇక నోరు విప్పనని చిన్నమ్మ చేత బైబిలు మీద ఒట్టు పెట్టించుకుంది.

"నువ్వొచ్చిన వేళ మంచిది. మూడు నెలలు తిరక్కుండానే తమ్ముడు కడుపున పడ్డాడు. పిల్లల్లేనివాళ్లు ఒక బిడ్డను తెచ్చుకుంటే కడుపు పండుతుందని మా అమ్మ చెప్పింది, అట్లాగే అయింది" అంది.

నన్ను ఓదార్చడానికే ఆ మాట చెప్పిందని ఇప్పుడు తెలుస్తుంది. అప్పుడు నాకు వినిపించింది వేరు. కొడుకు పుట్టడానికి మొక్కుకున్నట్టుగా నన్ను తెచ్చుకున్నారు.

"మరి మామిడికాయ?" అన్నాను.

అమ్మ చేట మళ్లీ ఒళ్లోకి లాక్కుంది.

"వాగు? మంత్రసానిని మంచం మీద మోసుకొచ్చింది?"

"అదంతా తమ్ముడి కాన్పప్పుడు" అంది మెల్లగా.

అబద్ధం చెప్పిందన్న బాధ కన్నా ఇది ఎక్కువ కోసింది. తమ్ముడి కథ తీసి నాకు తొడిగింది. వాడి పుట్టుక గురించి ఎప్పుడూ ఏమీ చెప్పకపోతే, మగపిల్లాడు కదా, వాడికి ఇలాంటి కథలు ఎందుకులే అనుకున్నాను. చెప్పడానికి మిగల్లేదని నాకేం తెలుసు.

మర్నాడు చర్చి అయిపోయాక మా వెనకింటి ముసలామెను పక్కకు పిలిచి అడిగాను. ఆమె నా చేతులు పట్టుకుంది. "నీకు తెలవదా అమ్మాయ్? పెద్దదానివయ్యావు, చెప్పే ఉంటారనుకున్నాం. పంతులుగారు మా పిల్లలందరికీ చదువు చెప్పిన మనిషి గదా, ఆయన పరువని ఎవరమూ నోరెత్తలా" అంది. చర్చి ముందు చెప్పులు వేసుకుంటున్న ఆడవాళ్లను చూశాను. నాకు జడలు వేసినవాళ్లు, కొట్లాటల్లో నా తరఫున అరిచినవాళ్లు, పెద్దమనిషినైతే పాటలు పాడినవాళ్లు. ప్రతి ఒక్కరికీ తెలుసు. నా గురించి నాకొక్కదానికే తెలియదు.

చిన్నమ్మ ఏటా మిరప కోతలకు మా వైపు వచ్చేది. వాళ్ల ఊళ్లో వానలు లేక పొలాలు ఎండినప్పుడు, ముఠాగా లారీ ఎక్కి వచ్చి రైతుల దొడ్లలో గుడిసెలు వేసుకునేవాళ్లు. చిన్నమ్మ మాత్రం మా పెరట్లో పాకలో పడుకునేది. పొద్దుగూకాక కల్లం నుంచి వచ్చేది. ఒళ్లంతా మిరప ఘాటు. చేతులు మండుతుంటే మజ్జిగలో ముంచుకుని, ఆ తర్వాతే నన్ను ముట్టుకునేది. తల దువ్వేది. "కాళ్లు చాపవే" అని, రెండు పాదాలు కలిపి పెట్టి, మోకాళ్ల మధ్య చెయ్యి దూర్చి చూసేది. నాకు గిలిగింత పుట్టి నవ్వేదాన్ని. తమ్ముడు కూడా కాళ్లు చాపేవాడు. "నీయి ఎందుకయ్యా, నీయి బంగారం" అని వాడి కాళ్లు చూసేది కాదు.

అదంతా తలుచుకుంటే ఆవిడ మీద కూడా కోపం వచ్చింది. ప్రతి ఏడూ వచ్చి, నన్ను చూసుకుని, నా చేత చిన్నమ్మా అని పిలిపించుకుని లారీ ఎక్కి వెళ్లిపోయింది. ఒక్కసారి కూడా నోరు జారలేదు. నోరు జారనందుకే ఆ కోపం.

ఆ ఏడు కోతలు మొదలైనా చిన్నమ్మ రాలేదు. నడుము వంగడం లేదట, ముఠా వాళ్లు వద్దన్నారట. కొన్నాళ్లకు మధ్యాహ్నం డ్యూటీలో ఉండగా, బయటి రోగుల వసారాలో నన్ను ఎవరో పిలిచారు. చిన్నమ్మ, ఆవిడ పెద్దకూతురు. అక్కా అనే పిలిచేదాన్ని ఆమెను ఎప్పుడూ. ఆ పిలుపు మార్చుకోవలసిన పని లేకపోయింది. అక్క రెండు మోకాళ్లూ లోపలికి వంగి ఒకదానికొకటి రాసుకుంటాయి. నడిచేటప్పుడు పాదాలు దూరంగా పడతాయి. చిన్నమ్మ మెడ తిప్పలేక, నన్ను చూడడానికి మనిషి మొత్తం తిరిగింది.

"నువ్వుండావని వచ్చాం" అంది.

నాకు సంగతి తెలిసిపోయిందని వాళ్లకు తెలియదు. అమ్మ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. డాక్టరుగారు ఆడవాళ్ల వార్డులో చేర్చుకున్నారు. ఆ మంచం నాకివ్వమని మేడమ్‌ను అడిగాను. మా చిన్నమ్మ అని మాత్రం చెప్పాను. మేడమ్ నా ముఖం చూసింది, ఇంకేమీ అడగలేదు. "మొదటినుంచీ అడుగు. తొందరపడకు" అంది.

వార్డులో మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. అక్క నేల మీద చతికిలబడలేక గోడకు ఆనుకుని నిలబడింది. అడగడం మొదలుపెట్టాను. పుట్టింట్లో చిన్నప్పుడు ఏం తినేదో చెప్పింది. చెరువు నీళ్లు, వరి నూక, గోంగూర, దొరికినప్పుడు చేపలు. నోరు తెరవమంటే తెరిచింది. పళ్లు తెల్లగా, గట్టిగా ఉన్నాయి. పెళ్లయి వెళ్లేదాకా ఆమె మంచినీళ్లు తాగిన మనిషి.

"అత్తింట్లో?"

"జొన్న సంగటి. సజ్జలు పండితే సజ్జలు. పచ్చి మిరగాయి, ఎర్రగడ్డ."

"పాలు, మజ్జిగ?"

"యాడియి అమ్మా? గేదె కామందుది, పేడ మాది" అని నవ్వింది.

"నీళ్లు?"

"ఊరి బావి. తర్వాత బోరింగు ఏశారు. నోటికి బాగానే ఉంటయి, ఏం తేడా తెలవదు."

"మొదటి కాన్పు?"

"ఇదిగో, ఇదే" అని గడ్డంతో అక్క వైపు చూపించబోయి, మెడ తిరగక ఆగిపోయింది. "కాన్పయినాక పథ్యమని నెల్లాళ్లు కారప్పొడి అన్నమే. ఆకుకూర పెట్టరు, పప్పు పెట్టరు."

"ఎన్నాళ్లు పాలిచ్చావు?"

"రెండోది కడుపున పడిందాకా."

"రెండో కాన్పు?"

ఈ ప్రశ్న ఎలా అడగాలో ముందు రోజంతా అనుకున్నాను. తీరా అడిగేసరికి నా గొంతు మామూలుగానే ఉంది, ఎవరినైనా అడిగినట్టే.

"ఆడపిల్ల" అంది.

"ఉందా?"

చిన్నమ్మ నా ముఖం చూడలేదు. దుప్పటి అంచు మడత పెట్టింది, విప్పింది.

"పోయింది" అంది.

నేను ఏం ఎదురుచూశానో ఇప్పటికీ సరిగా చెప్పలేను. ఏడుస్తుందనుకున్నానేమో. తప్పించుకుంటుందనుకున్నానేమో. నా కళ్లెదుట కూర్చోబెట్టి నన్ను చంపేస్తుందని మాత్రం అనుకోలేదు. అమ్మ చెప్పిన అబద్ధంలో నేను కనీసం పుట్టాను, వాన కురిసింది, నాన్న సైకిలు తొక్కాడు. ఇక్కడ ఒక్క మాటతో తీసేసింది.

"ఎన్నో ఏట?"

"మూడు నిండినాక."

"ఏమై పోయింది?"

"ఏమో. మా ఊరి నీళ్లు పడలా దానికి."

అక్క గోడ దగ్గర నుంచి నవ్వింది. నవ్వంటే నవ్వు కాదు, ఊపిరి తన్నుకొచ్చినట్టు.

"చచ్చినదాన్ని చూడ్డానికేనా ఏటేటా కోతలకి పొయ్యేదానివి? ఎందుకు అబద్దం ఆడతావు, ఎదురుగా కూర్చుని అడగతా ఉంటే?"

చిన్నమ్మ అక్క నోరు మూయించడానికి లేవబోయి, నడుం పట్టేసి మంచం మీద ఒరిగిపోయింది. నేను పట్టుకున్నాను. ఆ పట్టుకోవడంలో ఆవిడకు అర్థమైంది. "తెలిసిందా నీకు?" అంది. "తెలిసింది" అన్నాను. "మీ అమ్మ చెప్పిందా?" అంది. అప్పుడు కూడా మీ అమ్మ అనే అంది.

అక్కను బయట వసారాలోకి తీసుకెళ్లాను. నీకెప్పటి నుంచి తెలుసని అడిగాను.

"తెలియడమేంది, నేను అక్కడే ఉన్నా గదా. నాకు ఆరేళ్లు దాటాయి" అంది. "పెద్దమ్మ వచ్చింది. ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టింది. నడవమంది. బాగా నడిస్తే బస్సెక్కించి తీసకపోతారనుకుని నేను గబగబా నడిచా. అప్పటికే నా మోకాళ్లు రాసుకుంటున్నాయి. పెద్దమ్మ చూసింది. నిన్ను ఎత్తుకుంది."

ఆస్పత్రి గేటు దగ్గర ఎవరో జామకాయలు అమ్ముతూ కేకలేస్తున్నారు.

"అమ్మ నన్నే పంపుదామనుకుంది. చిన్నది తల్లి లేకపోతే ఉండలేదని. పెద్దమ్మే, పెద్దదానికి గుర్తుంటది, దీని కాళ్లు కూడా సరిగా లేవు అంది. వింటూ ఉన్నా నేను" అంది అక్క. "నాకు నీ మీద కోపం లేదులే. ఉంటే మాత్రం ఏం చేస్తావు నువ్వు?"

కోపం లేదన్నప్పుడు ఆమె నా వైపు చూడలేదు.

అమ్మకు కబురు అందింది. మర్నాడు టిఫిన్ క్యారియర్‌లో పెరుగన్నం, మాగాయ పట్టుకుని వచ్చింది. వార్డులో అడుగుపెట్టగానే మా ముఖాలు చూసి ఏం జరిగిందో గ్రహించింది. క్యారియర్ మంచం మీద పెట్టి, చెల్లెలి మీద వంగి పళ్ల బిగువున అంది.

"మాట తప్పావు గదే. నేను చెబితే చెప్పాను, నువ్వు నోరు విప్పనని బైబిలు మీద చెయ్యేసి చెప్పి, మాట తప్పావు."

చిన్నమ్మ తల ఎత్తలేకపోయింది. మెడ రాదు కదా. దుప్పటి వైపే చూస్తూ చెప్పింది.

"నేను తప్పలేదక్కా. చచ్చిపోయిందనే చెప్పాను."

పక్క మంచాల వాళ్లు ఇటే చూస్తున్నారు. నేను అమ్మనే చూస్తున్నాను.

"అక్కను నడవమన్నావా నువ్వు?" అని అడిగాను.

"గుర్తులేదు."

"నడవమన్నావా లేదా?"

"ఒక్కదాన్ని సాకే తాహతే ఉందే మాకు. రేపు పెళ్లి చెయ్యాలి, ఎవడు చేసుకుంటాడు కుంటి..." అని, అక్క అక్కడే ఉందని గుర్తొచ్చి ఆగింది. అక్క క్యారియర్ మూత తీసి వాళ్లమ్మకు పెరుగన్నం కలపసాగింది, ఏమీ విననట్టు.

డాక్టరుగారు ఎక్సురే చూసి చెప్పింది కొత్తదేం కాదు. ఎముకలు సున్నం పట్టినట్టు గట్టిపడ్డాయి. మందు లేదు. నీళ్లు మార్చాలి. పాలు, ఆకుకూరలు, గుడ్లు పెట్టాలి. కొత్తగా పట్టకుండా ఆపవచ్చు, పట్టింది పోదు. నేను రాసిచ్చిన తిండి చరిత్ర మేడమ్ చదివింది. రెండో కాన్పు దగ్గర నేనేమీ రాయలేదు. ఖాళీగా వదిలేశాను. ఆవిడ వేలు అక్కడ ఆగింది. నా పళ్ల మీదికి చూపు వచ్చింది. "ఇది ఖాళీగా ఉన్నా ఫరవాలేదు" అని మడిచి పెట్టేసింది. అప్పటినుంచి ఆవిడ మీద నాకు కోపం లేదు. మిగిలిన అందరి మీదా ఉంది.

చిన్నమ్మనూ అక్కనూ మా ఇంట్లో ఉంచమని పట్టుబట్టాను. నాన్న సరేనన్నాడు. ఆయన ఏది అడిగినా సరేననే మనిషి. అన్నేళ్లూ అబద్ధానికి కూడా అలాగే సరేనన్నాడు. అమ్మ మాత్రం, "ఉండనీ. అయితే కొత్త వరసలేవీ పెట్టొద్దు. నేను నీకు అమ్మని, అది చిన్నమ్మ. ఊళ్లో ఇంకో మాట వినపడకూడదు" అంది.

ఊళ్లో అందరికీ తెలిసిన సంగతి ఇక ఎవరి దగ్గర దాచాలో నాకు అర్థం కాలేదు.

కొన్ని నెలలు ఉన్నారు. చెరువు నీళ్లు, మజ్జిగ, వెనకింటి వాళ్లు పెట్టే మునగాకు. చిన్నమ్మ కూర్చుని మిరపకాయల తొడిమలు తీసేది. నొప్పులు కొంచెం నెమ్మదించాయి. కాని నేను సెలవుకు వచ్చిన ప్రతిసారీ ఆ ఇంట్లో ఊపిరి ఆడేది కాదు. నేను ముందు ఎవరిని పలకరిస్తానో అమ్మ పొయ్యి దగ్గర నుంచి చూసేది. చిన్నమ్మ అది కనిపెట్టి, నేను వచ్చే వేళకు పెరట్లోకి వెళ్లిపోయేది. ఒకసారి నేను తిన్నగా పెరట్లోకి పోయాను. "ఎందుకు చచ్చిపోయిందన్నావు?" అని అడిగాను. అన్నాళ్లూ మనసులో మెదిలిన మాట అదొక్కటే.

"బతికుందంటే, యాడుందని అడుగుతావు గదా. తర్వాత ఏం చెప్పను?" అంది.

"నా ముఖం చూస్తూ ఎట్లా అనగలిగావు?"

"చూడలా. దుప్పటి చూశా" అంది.

అది నిజమే. ఆ నిజం నాకేమీ సాయం చెయ్యలేదు.

తొలకరి పడకముందే ఇద్దరూ వెళ్లిపోయారు. నేను డ్యూటీలో ఉండగా వెళ్లారు. చిన్నాన్న ఒక్కడే వండుకు తింటున్నాడని చెప్పారట. చదువు అయ్యాక ఒకసారి నేనే ఆ ఊరు వెళ్లాను. బస్సు దిగి చాలా దూరం నడవాలి. ఎండ, పొగాకు ఆరబెట్టే బేరన్లు, ముళ్లకంపలు. నాకు ఏదైనా గుర్తొస్తుందేమోనని దారిపొడుగునా చూశాను. ఏదీ గుర్తురాలేదు. వీధిలో ఆడుకుంటున్న పిల్లలు నన్ను చూసి పళ్లు ఇకిలించారు. అన్నీ నా పళ్లే. నన్ను ఎవరూ ఏ పేరూ పెట్టి పిలవలేదు.

అక్క స్టీలు గ్లాసుతో నీళ్లు తెచ్చి చేతికిచ్చి ఎదురుగా నిలబడింది. ఒక్క గ్లాసుతో ఏమీ కాదని నాకు తెలుసు. అయినా చెయ్యి ఒక్క క్షణం ఆగింది. అక్క ఆ ఆగడం చూసింది. తాగేశాను. ఖాళీ గ్లాసు తీసుకుంటూ, "మేము రోజూ ఇవే తాగతాం" అంది. గుంటూరులో నాతో ఉండమని, చేతి మిషను మీద బట్టలు కుట్టడం నేర్పిస్తానని అడిగాను. "కుట్టడం నాకు వచ్చు. ఇప్పుడెందుకు తీసకపోతావు, అప్పుడు తీసకపోకుండా" అంది. తీసుకెళ్లనిది నేను కాదని ఆమెకూ తెలుసు. ఆ మాట అనవలసిన మనిషి దగ్గర ఆమె ఎప్పుడూ అనలేదు.

తరవాత ఆమె మార్టూరులో తెలిసినవాళ్ల దగ్గర గది తీసుకుని, రాళ్ల ఫ్యాక్టరీ వాళ్ల ఇళ్లకు లంగాలు, జాకెట్లు కుట్టి బతికింది. నేను వెళ్తే అన్నం పెట్టేది. నేను తీసుకెళ్లింది ఏదీ ఉంచుకునేది కాదు. చిన్నమ్మ ఊరు కదల్లేదు. ఆ దశాబ్దం అయిపోయేలోపు పూర్తిగా వంగిపోయింది. నేను పోయినప్పుడల్లా, నా కాళ్లు కనపడేంత దగ్గరగా కూర్చోమనేది. అమ్మా అని పిలవమని ఎప్పుడూ అడగలేదు. నేను పిలవలేదు. నోరు రాలేదు.

పాస్టరు గారు అమ్మను క్షమించమన్నారు. క్షమించానని చెప్పాను. అమ్మను అమ్మా అనే పిలిచాను. కాని ఆమె చెప్పిన ఏ మాటనూ ఇంకొకరిని అడక్కుండా నమ్మడం నాకు చేతకాకుండా పోయింది. ఒంట్లో బాగాలేదు, ఒకసారి వచ్చి పో అని కబురు పెడితే, తమ్ముడికి వేరే కబురు పెట్టి, అవునని వాడు చెప్పాకే బస్సెక్కేదాన్ని. ఒకసారి ఆమెకు నిజంగానే జ్వరం ముదిరింది. తమ్ముడి దగ్గర నుంచి కబురు వచ్చి నేను వెళ్లేసరికి జ్వరం దిగిపోయి, లేచి వంట చేస్తోంది.

"వాణ్ని అడిగావా?" అంది నన్ను చూడగానే.

"అడిగాను."

అమ్మ పీట వాల్చి కంచం పెట్టింది. కూర్చుని తిన్నాను.